సింహాల సోఫా

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, ఫోన్లో నెట్ చౌకై ఊళ్ళకు ఊళ్ళు తలలు దించుకున్న కొత్తలో, ప్రపంచంలో ఉన్నవాళ్ళంతా నాకు చుట్టాలేనన్న పిచ్చి ఒకటి నన్ను పట్టుకుంది. జ్వరం లాంటిదే, కాకపోతే జ్వరానికి మాత్ర దొరుకుతుంది. అప్పుడు నేను కామారెడ్డి బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్లో పని చేసేవాణ్ణి. పొద్దున్నే ఎల్లారెడ్డిలో బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా జనానికి దరఖాస్తులు నింపిపెట్టి, మళ్ళీ బస్సెక్కి ఇంటికి పోవడం నా బతుకు. ఓనరు భోజనానికి లేచాడంటే చాలు, కొండల మీద మంచు పడే వీడియోలు పెట్టుకుని కూర్చునేవాణ్ణి. మా ఎల్లారెడ్డిలో మంచు అంటే చలికాలం పొద్దున బండి సీటు మీద కనిపించే తడి. (గుడ్డతో తుడిస్తే పోతుంది.) ఆకాశం నుంచి దూదిలా రాలే మంచులో నిలబడకుండా పోతే ఈ జన్మ దండగని నాకు గట్టిగా అనిపించేది. జేబు చూస్తే మాత్రం రైలు టికెట్టు వరకే ధైర్యం చెప్పేది, హోటల్ మాటెత్తితే మొహం తిప్పుకునేది.

అలాంటి సమయంలో ఒక వెబ్‌సైటు కంటబడింది. దేశాలు తిరిగేవాళ్ళు ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఇళ్ళలో దిగుతారట, ఇంటివాళ్ళు పైసా తీసుకోకుండా పడక ఇస్తారట, వెళ్ళాక ఒకరి గురించి ఒకరు నాలుగు మంచి మాటలు అందులో రాసుకుంటారట. ఆ నాలుగు మాటలకే రెఫరెన్స్ అని పేరు. చదువుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోకంలో ఇంత మంచితనం పెట్టుకుని నేను ఇన్నాళ్ళూ ఆధార్ కార్డులకు లామినేషన్ చేస్తూ కూర్చున్నానా అనిపించింది. వెంటనే చేరి, కొండల మీద ఊళ్ళలో ఇల్లున్న వాళ్ళందరికీ నేను వస్తున్నానని రాసి పడేశాను. అందరూ ఎంతో మర్యాదగా, మాట్లాడుకుని రాసినట్టు ఒకటే జవాబిచ్చారు. మీ పేరు కింద ఒక్క రెఫరెన్స్ కూడా లేదు, ముందు ఎవరికైనా మీ ఇంట్లో చోటివ్వండి, వాళ్ళు మీ గురించి రాశాక చూద్దాం అని. అంటే నేను మంచును చూడాలంటే ముందు ఎవరో ఒకరు ఎల్లారెడ్డిని చూడటానికి రావాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఆలోచించినా, చుట్టాలు తప్ప వేరేవాళ్ళు మా ఊరికి ఎందుకొస్తారో నాకు తోచలేదు.

కానీ వచ్చింది. ఒక సందేశం వచ్చింది. పేరు దగ్గర రెండు పొడి అక్షరాలు, ఫొటోలో పెద్ద సంచీ తగిలించుకుని వెనక్కి తిరిగి నిలబడ్డ టోపీ మనిషి, చిలకలు పలికినట్టున్న ఇంగ్లీషు. నిజాంసాగర్ డ్యామ్ చూడాలని ఉంది, మీ సోఫా మీద ఒకట్రెండు రోజులు చోటు దొరుకుతుందా అని. నేను కుర్చీలోంచి లేచి నిలబడి చదివాను. రెండోసారి చదువుతుంటే సోఫా అన్న మాట దగ్గర మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. మా ఇంట్లో రెండు నవారు మంచాలు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. ఆ కుర్చీల్లో ఒకదానికి కాలు విరిగి ఉండటం వల్ల అందులో ఎలా కూర్చోవాలో బాపుకు (మా నాన్నకు) తప్ప ఎవరికీ తెలియదు. సోఫా అన్నది మా వంశంలో లేదు. మరి ఆయన సోఫా ఎందుకడిగాడంటే, చేరేటప్పుడు 'సోఫా ఉందా' అని వెబ్‌సైటు అడిగితే నేను ఉందని టిక్కు పెట్టాను. దరఖాస్తులో ఏ ప్రశ్న వచ్చినా అవును అని కొడితేనే పని ముందుకు పోతుందన్నది మా సెంటర్లో నేను నేర్చుకున్న విద్య. (ఆ వెబ్‌సైటు భాషలో చాపైనా, మంచమైనా, డాబా మీద జాగా అయినా, పడుకునే చోటు ఏదైనా సోఫాయేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) ఇప్పుడు ఆ దొర వచ్చి సోఫా ఏదని అడిగితే? అబద్ధాలకోరని రాసి పోతే? నా మొట్టమొదటి రెఫరెన్సే అదైతే, మంచు సంగతి సరే, ఐసు ముక్క కూడా నాకెవరూ చూపించరు.

ఇంట్లో చెప్పేసరికి బాపు అన్నం ముందు నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరు, ఏ ఊరు, ఏం పని, ఎవరికి చుట్టం అని వరుసగా అడిగాడు. డ్యాము చూడటానికట అని మాత్రం చెప్పాను. "ఎవలో ఏందో ఎరుక లేని మనిషిని ఇంట్ల ఎట్ల పండవెడ్తవురా" అన్నాడు. దానికి నేను ఏదో ఇంగ్లీషు మాట వెతుక్కుంటుంటే, మూలన కూర్చుని రొట్టె తుంచుకుంటున్న అవ్వ, అంటే బాపు వాళ్ళమ్మ, తల కూడా ఎత్తకుండా అంది.

"మనం గుడ ఆయనకు ఎరుక లేనోళ్లమే గదరా. ఆయనకు లేని భయం నీకేంది?"

బాపు మళ్ళీ చెయ్యి అన్నంలో పెట్టాడు. మా ఇంట్లో ఒప్పుకోవడం అంటే అదే. ఇక మిగిలింది సోఫా. అమ్మ తమ్ముడు, మా మామ, ఊళ్ళో టెంట్ హౌస్ నడుపుతాడు. పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిస్తాడు. మేనల్లుడు నోరు తెరిచి అడగడమే ఆలస్యం, సోఫా ఎంతసేపురా అన్నాడు. ఎలాంటి సోఫా అని నేను అడగలేదు. అక్కడే అయిపోయింది.

ఆయన వస్తానన్న రోజు పొద్దున ట్రాలీ ఆటోలో సోఫా దిగింది. పెళ్ళి స్టేజీ మీద వధూవరుల్ని కూర్చోబెట్టే సోఫా అది. ఎర్ర మఖ్మల్, చుట్టూ బంగారు రంగు చెక్కడాలు, చేతులు పెట్టుకునే చోట అటొకటి ఇటొకటి నోరు తెరిచిన సింహాలు. మామూలు సోఫాలన్నీ బుకింగులో పోయాయని, ఉన్నవాటిలో ఇదే మంచిదని మామ చెప్పాడు. మంచిదే, కానీ గుమ్మంలోంచి లోపలికి పట్టలేదు. నిలువుగా పెట్టి చూశాం, అడ్డంగా పెట్టి చూశాం, ఒకసారి బాపు లోపలా మేమంతా బయటా చిక్కుకుపోయాం. చివరికి వాకిట్లోనే పెట్టించి, నేను రైలు వేళవుతోందని కామారెడ్డికి పరిగెత్తాను. పోయేముందు మామ ఎండ పడితే మఖ్మల్ పాడవుతుందిరా అనడం నా చెవిన పడింది. అప్పుడే వెనక్కి తిరిగి ఉండాల్సింది.

స్టేషన్లో పొడుగాటి, ఎర్రటి దొర కోసం నేను ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతుంటే, వెనక నుంచి ఎవరో భుజం తట్టి బేటా అన్నారు. చూద్దును కదా, మా పెద్దమ్మ వయసున్న ఒకావిడ. నూలు చీర, కాళ్ళకు ఆటల బూట్లు, నెత్తిన ఫొటోలోని టోపీ, వీపున ఆమెకన్నా బరువైన సంచీ. పుణెలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయిందట. పిల్లలు స్థిరపడ్డారు, మోకాళ్ళు ఇంకా సహకరిస్తున్నాయి, అందుకని డ్యాములు చూస్తూ తిరుగుతోందట. గుళ్ళూ కోటలూ అందరూ చూస్తారు, డ్యాముల్ని పాపం ఎవరు పలకరిస్తారు అని హిందీలో నన్నే నిలదీసింది. బస్సులో దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. లింగంపేట దాటేసరికి నాకు భయం పోయింది. సోఫా కూడా మర్చిపోయాను.

మా వీధి మలుపు తిరిగాం. ఆవిడ ఆగి, మీ వీధిలో ఎవరిదో పెళ్ళిలా ఉందే అంది. నిజమే, రంగురంగుల షామియానా, రెండు వరసల కుర్చీలు, పట్టపగలు మిణుకు మిణుకు మంటున్న సీరియల్ లైట్లు. పెళ్ళి ఎవరిదా అని నేనూ ఒక్క క్షణం నిజంగానే ఆలోచించాను. తరువాత షామియానా కింద సింహాలు కనిపించాయి. ఎండకని షామియానా, షామియానా వేశాక ఉత్తదిగా ఉందని కుర్చీలు, కుర్చీలు వేశాక కళ లేదని లైట్లు, ఇలా మామ ఒకదాని తరువాత ఒకటి ఆపుకోలేక పెట్టించుకుంటూ పోయాడు. ఎవరిల్లు అని ఆవిడ మళ్ళీ అడిగితే, మాదే అన్నాను. 

మా అవ్వ పుట్టిల్లు మద్నూరు అవతల, మహారాష్ట్ర గట్టు మీద. చిన్నప్పటి మరాఠీ ఆమె నోట్లో ఎక్కడో భద్రంగా ఉంది. పుణె అనగానే అది బయటికొచ్చింది. ఎదురెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, సింహాల మధ్య చోటు చూపించి, "యా బాయి, బసా" అంది. రా తల్లీ, కూర్చో అని. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి తన భాషలో ఆ రెండు మాటలు వినిపించేసరికి మొహం విచ్చుకుంది. టోపీ తీసి, సంచీ దించి, మహారాణిలా కూర్చుంది. మంచినీళ్ళు, చాయ్, వేడి సర్వపిండి వరసగా వచ్చాయి. వాటి వెనకే వీధి కూడా వచ్చింది.

తప్పు ఎవరిదని ఇప్పటికీ చెప్పలేను. వాకిట్లో పెళ్ళి సోఫా, దాని మీద పరాయి ఊరి పెద్దావిడ, ఇంట్లో పెళ్ళికాని పిల్లవాడు. చూసినవాళ్ళకు సంగతి అర్థమైపోయింది. పక్కింటి బీడీల అత్త (ఒళ్ళో బీడీల చాట లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు) అమ్మను పక్కకు పిలిచి ఏం సంబంధం అని అడిగింది. అమ్మ సంబంధం గింబంధం ఏమీ లేదని, మావాడు నెట్‌లో తన వివరాలు పెడితే ఆమె చూసి నచ్చి, మాట్లాడుకుని, ఇల్లు చూడటానికి వచ్చిందని నిజం నిజంగా చెప్పింది. ఒక్క మాట తప్పులేదు. అత్త కళ్ళు పెద్దవయ్యాయి. "ఆన్‌లైన్ సంబంధమా" అంది. అమ్మ ఎంత వివరిస్తే అది అంత ఖాయమవుతూ వచ్చింది.

ఇక పిల్లవాడి మంచిచెడ్డలు చెప్పడం వీధి బాధ్యత కదా. బీడీల అత్త సోఫా ఎదురుగా కుర్చీ లాక్కుని, చేతులు బీడీలు చుడుతుండగానే మొదలుపెట్టింది.

"పిలగాని సంగతి నన్నడుగుండ్రి. చిన్నప్పటి సంది నా కండ్ల ముంగట్నే పెరిగిండు. తాగుడు లేదు, తిరుగుడు లేదు. తలకాయ ఒంచుకొని పోతడు, తలకాయ ఒంచుకొని వస్తడు."

(తల వంచుకునేది ఫోను కోసమని ఆమెకు తెలియదు.) అవ్వ దాన్ని మరాఠీలో పెట్టింది. "చాంగ్లా ముల్గా." మంచి పిల్లవాడు అని. తరువాత కిరాణం కొట్టాయన వచ్చి, నేను ఊళ్ళో ఎంతమంది ముసలివాళ్ళకు పింఛన్ల పనులు చేసిపెట్టానో, ఎప్పుడూ ఎలా విసుక్కోనో చాలాసేపు చెప్పాడు. అవ్వ దాన్ని కూడా చాంగ్లా ముల్గా అనే చెప్పింది. ఎదురింటి అన్న కాస్త నిజాయితీపరుడు. పొద్దున లేపందే లేవడని, ఇంట్లో పుల్ల విరిచి అవతల పెట్టడని, అయినా గుణం మంచిదని ఉన్నదున్నట్టు చెప్పాడు. అవ్వ అంతా శ్రద్ధగా విని, చాంగ్లా ముల్గా అంది. మధ్యలో అత్త పిల్లలెందరని అడిగితే ఆవిడ ఇద్దరు కొడుకులని చెప్పింది. ఆడపిల్లలు లేరా అని అందరూ ఒక్క క్షణం చూసుకున్నారు. "అన్న బిడ్డ కోసం కావచ్చు" అని అత్త తేల్చేసింది. వీధి ఊపిరి పీల్చుకుంది.

నాకు మాత్రం ఊపిరి ఆడటం లేదు. ఆవిడ ఈ జాతర చూసి ఏమనుకుంటుందో, ఏం రాస్తుందో అన్నదే నా దిగులు. వీధివాళ్ళకు అసలు సంగతి చెప్పమని అమ్మను అడిగితే, చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టిందంది. మామను సోఫా తీసుకుపొమ్మంటే బాగుండదన్నాడు. చివరికి నేనే వెళ్ళి, వీళ్ళేదో మాట్లాడుతున్నారు, పట్టించుకోకండి అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, లేదు బేటా, ఎన్నో ఊళ్ళలో ఎందరిళ్ళలోనో దిగాను, అక్కడ రెఫరెన్సులు రాసేది రెండు రోజులు చూసి వెళ్ళిపోయినవాళ్ళు, నిన్ను పుట్టినప్పటి నుంచి ఎరిగినవాళ్ళు పనులు మానుకుని వచ్చి సాక్ష్యం చెప్పడం మీ ఎల్లారెడ్డిలోనే చూశాను, ఎంత మంచి పద్ధతి అంది. అది మా ఊరి పద్ధతి అనుకుంటోంది. నేను ఏం చెప్పాలి? అవునన్నాను. దరఖాస్తు అలవాటు.

మర్నాడు బాపూ ఆవిడా బండి మీద నిజాంసాగర్ వెళ్ళొచ్చారు. ఆవిడ గేట్లన్నిటినీ పేరుపేరునా పలకరించినట్టు చూసి వచ్చిందని, మంజీర నీళ్ళ లెక్కలు అడిగితే తాను నీళ్ళు నమిలానని బాపు ఉత్సాహంగా చెప్పాడు. (ఎరుక లేని మనిషిని ఎట్ల అన్న బాపేనా ఈయన అనిపించింది.) అప్పటికి సంగతి గాంధారి దాకా పాకింది. బాపు వాళ్ళ అన్న, మా పెద్దబాపు, తనకు చెప్పకుండా సంబంధం ఖాయం చేసుకుంటారా అని ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆటోలో దిగాడు. దిగినవాడు దిగినట్టే ఆ విరిగిన కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాక కదిలితే పడతానని తెలిసింది. అందుకని పాపం కదలకుండా కోప్పడాల్సి వచ్చింది. వీధి అంతా చూస్తుండగా, మెడ మాత్రం తిప్పి, ఆవిణ్ణి సూటిగా అడిగాడు.

"బహెన్‌జీ, సబ్ ఠీక్ హై. లడ్కీ కహాఁ హై?"

అంతా బాగుంది, పిల్ల ఏది అని. ఆవిడ ఏ పిల్ల అన్నట్టు అటూ ఇటూ చూసింది.

"కౌన్సీ లడ్కీ?"

బీడీ ఆకులు కత్తిరిస్తున్న అత్త కత్తెర ఆగిపోయింది.  ఇక దాచి లాభం లేదు. నా కళ్ళ ముందే మంచు కరిగి కాలవలై పోతుండగా, లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. మీరు సోఫా అడిగారు, మాకు సోఫా లేదు, మామ దగ్గర దొరికింది ఇదే, ఇది చూసి వీళ్ళు పెళ్ళిచూపులనుకున్నారు, వీళ్ళు చెప్పిందంతా రెఫరెన్స్ కాదు, ఎంక్వైరీ. ఆవిడ సింహాల వంక చూసింది, లైట్ల వంక చూసింది, సిగ్గుతో షామియానా గుంజ వెనక్కి చేరిన మామ వంక చూసింది. భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తోందేమోనని అమ్మ దగ్గరకు పోయింది. ఆవిడ నవ్వుతోంది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, పెద్దబాపు వైపు తిరిగింది.

"లడ్కీ తో నహీ హై, భాయీసాబ్. లేకిన్ లడ్కా పసంద్ హై."

పిల్లయితే లేదు, పిల్లవాడు మాత్రం నచ్చాడు అని. మొదట నవ్వింది పెద్దబాపే. నవ్వితే కుర్చీ ఊరుకుంటుందా, పక్కకు ఒరిగింది. ఆయన్ని లేపే హడావిడిలో వీధి వీధంతా నవ్వింది. అమ్మ ఒక్కతే అవ్వను పట్టుకుంది. ఇదంతా నీకు ముందే తెలుసు కదా, మరాఠీలో ఒక్క ముక్క చెప్పి ఉంటే పోయేది కదా అని.

"ఎరుకే. సంబంధం అనుకున్నరు గాబట్టే పిలగాని గురించి గింత మంచి జెప్పిండ్రు. ఉత్త సుట్టం అంటే ఎవలన్న వస్తరా?" అంది అవ్వ.

ఆవిడ వెళ్ళాక నేను సెంటర్లో పని చేస్తున్నట్టు నటిస్తూ ఆ వెబ్‌సైటే చూస్తూ కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం వచ్చింది. డ్యాము గురించి రాయలేదు, రొట్టెల గురించి రాయలేదు. 'ఈ ఇంట్లో సోఫా లేదు. దయచేసి అడగకండి. అడిగితే తెస్తారు.' అంతే. దరఖాస్తుల కోసం వరసలో ఉన్నవాళ్ళు కంప్యూటర్ పాడయిందా అని అడుగుతుంటే, నేను కళ్ళు తుడుచుకుంటూ అవునన్నాను.

ఆ మూడు ముక్కలు చదివి నవ్వని మనిషి లేడు. మరుసటి చలికాలం నేను కొండ మీది ఒక ఊళ్ళో, మోకాలి లోతు మంచులో, పళ్ళు టకటకలాడుతుండగా ఒక ఇంటి తలుపు కొట్టాను. తలుపు తీసిన పెద్దాయన నన్ను చూసి, మా ఇంట్లో కూడా సోఫా లేదు, లోపలికి రా అన్నాడు. ఆ తరువాత కొన్నాళ్ళకు పెద్దబాపు పంతం పట్టి గాంధారి సంబంధం తెచ్చాడు. పిల్ల తరఫువాళ్ళు వీధిలో విచారించడానికి వస్తే, బీడీల అత్త ఎక్కడా తడబడకుండా, ఒక్క మాట పొల్లుపోకుండా మళ్ళీ అదే చెప్పింది. ముందే రిహార్సల్ అయింది కదా.

ఇప్పుడు కామారెడ్డిలో మాకు సొంత సోఫా ఉంది. దాని మీద మడత పెట్టని బట్టల కుప్ప ఉంది. అవ్వ లేదు. నేను కూడా ఆ మనిషిని కాను. కొరియర్ అబ్బాయి బెల్లు కొడితే ఎవరని రెండుసార్లు అడిగి గానీ తలుపు తీయను. మొన్న ఎవరో కుర్రవాడు, మీ సోఫా మీద చోటుందా అని ఆ వెబ్‌సైటులో రాశాడు. పేరు కింద ఒక్క రెఫరెన్స్ కూడా లేదు. ఎవలాయన, ఎరుకనా అని నా భార్య అడిగింది. మనం గుడ ఆయనకు ఎరుక లేనోళ్లమే గదా అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది. రమ్మని రాసి, బట్టలు తీయడం మొదలుపెట్టాను. తీయగా తీయగా ఒక మనిషి పట్టేంత జాగా తేలింది. దొరలా అన్ని ఊళ్ళూ తిరగాలనుకుని, వాకిట్లో సింహాల్ని పెట్టుకుని వణికిపోయిన ఆ పిల్లవాడు గుర్తొచ్చి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "యా, బసా" అన్నాను. అని, ముందు నేనే కూర్చున్నాను.